తడిసిన గింజలోకి

ఓబులేష్ మొదలుపెట్టింది నలభై మూటల వేరుశెనగ కాయలతో. కోడుమూరు దగ్గరి ఆ పల్లెలో విత్తనం కోసం ఎవరికి వాళ్లు పరుగులు పెట్టడమెందుకని, తానే మంచి కాయలు ఏరి, ఒలిపించి, చేని గట్టుకు తెచ్చిస్తానన్నాడు. నలభై మూటలు ఒలిస్తే పద్దెనిమిది ఎకరాలకు సరిపోతుంది. ఆరిళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఇరవై మూడేళ్లవాడు, లెక్కలు నోటిమీదే ఉంటాయి.

ఎండుకాయను ఉన్నదున్నట్టు ఒలిచే మిషన్‌లో వేస్తే నూటికి ఇరవై గింజలు బద్దలవుతాయి. బద్ద మొలవదు. కాయల మీద నీళ్లు చిలకరిస్తే డొల్ల మెత్తబడి, ఐదుకు మించి పోవు. మిగిలే ఆ పదిహేను దాదాపు మూడెకరాల విత్తనం. మిషన్ దగ్గర అందరూ చేసేదే ఇది. కాకపోతే ఒలిచిన గింజను ఆరబెట్టాలి, లేదంటే వెంటనే విత్తాలి. ఓబులేష్ ఒలిపించిన సాయంత్రం కోడుమూరు వైపు ఆకాశం నల్లగా దిగివచ్చింది. రేపే వాన అనుకుని, ఆరబెట్టకుండా మూటలు కుట్టేశాడు.

ఆ మబ్బు అట్లే పోయింది. వాన మూడు వారాలకు వచ్చింది.

వాన వెలిసిన పొద్దున నేల విత్తడానికి సరిపడా తడితో మంచి పదునుమీద ఉంది. వాకిట్లో డ్రైవర్ జ్ఞానరాజు ట్రాక్టర్‌కు విత్తే గొర్రు తగిలించి, దాని ఇనుప కర్రులను స్పానర్‌తో నాలుగు వేళ్ల లోతుకు బిగిస్తున్నాడు. ఓబులేష్ కొట్టంలోకి పోయి మొదటి మూట కుట్టు విప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. గింజలు వెచ్చగా ఉన్నాయి. ముక్కిన వాసన. రెండో మూట, మూడో మూట, అన్నీ అంతే.

తడి గోనెలో చుట్టి మొలక చూడాలంటే నాలుగైదు రోజులు పడుతుంది. పదును రేపటిదాకా ఉంటే గొప్ప.

"ఏమప్పా ఓబులేసూ, మూట ఇప్పేదానికి ముహూర్తం చూస్తాండావా?" బయట నుంచి భీమమ్మ కేకేసింది. ఆమెది మూడెకరాలు, మొదటి సాళ్లు ఆమె చేనులోనే.

"రవ్వంతసేపు ఆగు పెద్దమ్మా."

"నేనాగుతా. నేల ఆగుతాదా?"

ఓబులేష్ పిడికెడు గింజలు తీసుకుని ఇంట్లోకి పోయాడు. వాళ్లవ్వ హులిగెమ్మ చాప మీద కూర్చుని వక్క కొరుకుతోంది.

"అవ్వా, ఒకసారి లోపలికి పోయి రావల్ల."

హులిగెమ్మ గింజలోకి పోయి వస్తుంది. కొందరు అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు యాడ వెయ్యాలో చెప్పినట్టు, ఈ ఇంట్లో ఈ పని ఉంది. కాళ్లు ముడుచుకుని గింజను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీలుస్తుంది. తర్వాత చాప మీద ఆమె ఉండదు, గింజ ఉంటుంది.

ఆమె గింజను వాసన చూసి మనవడి ముఖంలోకి చూసింది. "నీళ్లు చిలకరించినావా?"

"చిలకరించినా."

"ఆరబెట్టినావా?"

అతను పిడికిట్లో మిగిలిన గింజలను వెనక్కి దాచుకున్నాడు.

"నీ లెక్కలో అది రాలేదా నాయనా," అని చాప మీద లేకుండా పోయింది.

టీ తాగేంతసేపట్లో తిరిగొచ్చింది, రైకకు పిండి అంటుకుని. "మొలక తెప్పించేటోళ్లు లోపల కిక్కిరిసి నిలబడినారు. సంతరోజు బస్సులో మాదిరి, మొకానికి మొకం, బుజానికి బుజం. ఒక్కడూ కదల్లే."

"సచ్చినారా?"

"ఎట్ల తెలుస్తాది? నిద్రపోయేటోడూ సచ్చినోడూ ఆ గుంపులో ఒకే తీరుగ నిలబడుంటారు. పడేదానికి సోటుంటే గదా. నీళ్లు తగిలితేనే తెలిసేది."

హులిగెమ్మ ఎప్పుడూ ఎండుగింజలోకే పోతుంది. ఆమె తల్లి ఒకసారి తడి జొన్నగింజలోకి పోయి తిరిగి రాలేదు. ఆ ఏడు ఆ గింజ విత్తిన చేను కంకులు జాగ్రత్తగా కోశారు.

"వద్దులే అవ్వా."

"మరి బయటుండేవాళ్లకు ఏం జెప్తావు? మొలిస్తే మొలుస్తాది, లేకుంటే లేదని జెప్తావా?"

ఆరిళ్లలో వేరే విత్తనం లేదు. ఇది మొలవకపోతే ఆ పద్దెనిమిది ఎకరాలూ ఈ ఏడంతా బీడే.

"గోరువెచ్చని నీళ్లు తే. నేను పోయినాక ఒక్కో చుక్క పొయ్యి. పొట్టు చిట్లే లోపల వస్తా. చిట్లిందంటే లోపల దోవలన్నీ మారిపోతాయి."

చాప మళ్లీ ఖాళీ అయింది. ఓబులేష్ గింజను పళ్లెంలో పెట్టి చెంచాతో నీళ్లు వదిలాడు. గులాబీరంగు పొట్టు ముడతలు పడింది. ఇంకో చుక్క. ముడతలు మెల్లగా సాగిపోయి గింజ నున్నగా ఉబ్బింది. బయట ట్రాక్టర్ స్టార్టయింది. పడమటి గాలి లేచి తలుపు రెక్కను కొట్టింది. ఆ గాలి పైమన్నును ఎంత తొందరగా ఆరబెడుతుందో అతనికి తెలుసు.

పొట్టు మీద ఒక పక్క వెంట్రుకంత తెల్లగీత కనబడింది.

"అవ్వా!"

గీత సాగింది. పట్టుకుని ఆపుదామంటే గింజ నలుగుతుందని భయం.

కేకకు భీమమ్మ లోపలికొచ్చింది. ఖాళీ చాప, తడిసిన గింజ చూసి ఇంకేమీ అడగకుండా ఎదురుగా కూలబడింది. "పేరు పెట్టి పిలువప్పా. అవ్వా అంటే ఊళ్లో శానామంది ఉండారు."

"హులిగెమ్మా!"

"ఓ హులిగెమ్మక్కా!"

పొట్టు ఫట్‌మని చిట్లింది. పళ్లెం పక్కన హులిగెమ్మ బోర్లా పడి ఉంది. మెడదాకా తడి, మోచెయ్యి గీసుకుపోయి, ఒక చేతికి గాజులే లేవు. భీమమ్మ లేపి గోడకు ఆనించింది.

"తోసినారే తల్లీ, ఏం తోపుడు! నడిచేటోడు ఒక్కడూ లేడు. ఒకడు కదిలితే పక్కోణ్ణి గుద్దె, వాడు ఇంగొకణ్ణి. పనంతా ఆ గుద్దుకునేదాంట్లోనే. ఒక్కొక్కని నోరు ఒక్కో తీరు, వాని నోటికి పట్టే కూడు ఒక్కటే. నూరు తగిలినా పట్టదు, వానిది తగిలినాదా, కటుక్కున తెంపి వదిలేస్తాడు. వాడు మాత్రం అరగడు. మళ్లా గుంపులో పడి పోతాడు."

"అంత గుంపులో వానిది వానికి ఎట్ల దొరుకుతాది?" అన్నాడు ఓబులేష్.

"గుంపే నెడతాది దానికాడికి. ఒగరినొగరు పట్టుకున్నోళ్లు ఇడిపోదామన్నా సందుండదు. అట్ల పట్టుకున్న ఇద్దరి నడుమ ఇరుక్కున్యా నేను. మీరు పిలిచినంక ఎట్లనో బయట పడితి."

"అయితే బతికే ఉండారా?"

"ఉండారు. ఆకలితో ఉండారు. నువ్వు చిలకరించిన నీళ్లకు ఒకసారి మేలుకోని, దాచిపెట్టిన కూడు సగం తెంపుకోని తినేసి, మళ్లా ఎండి బిగుసుకున్యారు. మిగిలిన సగంతో నాలుగు వేళ్ల మన్ను నెట్టలేరు. రెండు వేళ్లయితే వస్తారు."

"నువ్వు చూసింది ఒక్క గింజే గదవ్వా."

"ఇంగొకదాంట్లోకి నువ్వు పో," అంది హులిగెమ్మ. అయినా అతను తక్కిన మూటల నుంచి తెచ్చిన గింజలన్నీ ఒక్కొక్కటి వాసన చూసి, అన్నీ ఇట్లాంటివేనని తలూపింది.

అతని తలలో లెక్క తిరిగింది. పై రెండు వేళ్ల తేమ ఈ గాలికి సాయంత్రం దాటి నిలవదు. ఎకరాకు నలభై నిమిషాలు. ఒక్క ట్రాక్టర్‌కు పన్నెండు గంటలు. పొద్దు చాలదు.

భీమమ్మ అతన్నే చూస్తోంది. "తడి గింజను మూట కట్టినావా?"

"కట్టినా పెద్దమ్మా."

ఆమె పమిట దోపుకుని లేచింది. "మొలవకుంటే ఆ సాళ్లల్లో నిన్నే పూడుస్తా. నా ఎద్దుల గొర్రు ఉండాది, దాన్నీ కట్టిస్తా. కానీ తక్కినోళ్లకు నేను జెప్పను. నువ్వే జెప్పు."

ఓబులేష్ వాకిట్లోకి వచ్చాడు. తక్కిన ఐదిళ్లవాళ్లు గంపలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంజను చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడదు. అతను కర్రులు పైకి జరిపేందుకు స్పానర్ చేతిలోకి తీసుకుని, ఇంజను ఆపమని జ్ఞానరాజుకు రెండో చెయ్యి ఎత్తాడు.