మేడావిడ ఫోనులో పేర్లు

మేడావిడకి మనుషుల పేర్లు గుర్తుండవు. మొహం గుర్తుంటుంది, ఇల్లు గుర్తుంటుంది, ఆ ఇంట్లో జరిగే గొడవ మరీ బాగా గుర్తుంటుంది. పేరు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది. అందుకని ఫోనులో నంబరు ఎక్కించుకునేటప్పుడు పేరు బదులు మనిషి జాతకం రాసుకునేది. 'పాలాయన, నీళ్ళు కలుపుతాడు.' 'ప్లంబరు, రమ్మంటే రాడు.' 'నర్సమ్మ, రాత్రి డ్యూటీ, పగలు నిద్ర.' ఎవరైనా నవ్వితే, రేపు పంపు కారితే నా దగ్గరికే వస్తారు పొండి అనేది.

మేడ మీద గదిలో అద్దెకున్న పిల్ల గురించి ఇంకా ముచ్చటగా రాసుకుంది. 'కుట్టు అమ్మాయి, నీళ్ళ ట్యాంకు ఎదురు సందు, మా మేడ మీద, మగదిక్కు లేదు, పాప రెండో క్లాసు.'

ఆ పిల్ల ఏడాది కిందట ఒక సంచీతో, ఒక పాపతో వచ్చింది. మోచేతి కింద ఇస్త్రీపెట్టె మొన అచ్చుగుద్దినట్టు కాలిన మచ్చ. ఎవరి పని అంటే కట్టుకున్నవాడిది అంది. మేడావిడ ఆ పైన అడగలేదు. అడక్కుండా ఊరుకోవడం ఆవిడ జన్మలో అదే మొదలు. వాడికి ఊరు తెలుసు, ఇల్లే తెలీదు. రెండుసార్లు వచ్చి వీధులన్నీ తిరిగి వెళ్ళాడని తెలిసింది. అందుకే కుట్టు అమ్మాయి పాత సిమ్ము విరిచేసింది. ఫోటో పెట్టదు, పాపని తీయనివ్వదు, ఫోను ఎక్కడుందో చెప్పే మీటలన్నీ నొక్కి ఆపేసింది. ఇన్ని చేసి, తమ్ముడికి మాత్రం నంబరిచ్చింది. తోడబుట్టినవాణ్ణి కూడా నమ్మకపోతే ఇంకెందుకు బతుకు అనుకుంది.

ఆ తమ్ముడు ఒకరోజు ఫోన్ చేశాడు. బావ గుమ్మంలో కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చాడట, చూస్తూ ఉండబట్టలేక తను అక్క నంబరు ఇచ్చేశాడట. "నంబరే కదక్కా, అడ్రసు కాదుగా. మోగితే ఎత్తకు." కుట్టు అమ్మాయి కిందికొచ్చి చెబితే మేడావిడే ధైర్యం చెప్పింది, నంబరుకేమన్నా కాళ్ళుంటాయా పిచ్చిదానా అని.

మర్నాడు పొద్దున పదింటికి ఫోటోస్టాట్ షాపులో పనిచేసే అమ్మాయి జాకెట్టు గుడ్డతో వచ్చి, ఎవర్నీ అడక్కుండా తిన్నగా మెట్లెక్కబోయింది. ఇల్లెవరు చూపించారని మేడావిడ అడ్డుపడింది. ఎవరూ చూపించలేదు పిన్నిగారూ, మా ఓనరమ్మ నంబరిచ్చింది, కొట్టగానే ఫోనే చెప్పిందంటూ ఆ అమ్మాయి తెర తిప్పి చూపించింది. నీళ్ళ ట్యాంకు, ఎదురు సందు, మగదిక్కు లేదు, అన్నీ ఉన్నాయి. ముందు మేడావిడకి గర్వంగానే అనిపించింది. "ఇది నా రాతే!" అని నవ్వి తలెత్తితే, పై మెట్టు మీద కుట్టు అమ్మాయి రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. ఆ మొహం చూశాక నవ్వు నోట్లోనే ఎండిపోయింది.

ఎవరు ఫోన్ చేస్తున్నారో పేరు చూపించే యాప్ ఒకటుంది. అది మన ఫోనులో దూరేటప్పుడు, మీ నంబర్లన్నీ చూడొచ్చా అని అడుగుతుంది. సరే అంటే, ఉన్నవన్నీ మనం రాసుకున్నట్టే పట్టుకుపోతుంది. ఆ తర్వాత ఆ నంబరు ఎవరు కొట్టి చూసినా మన రాతే కనబడుతుంది. ఫోటోస్టాట్ అమ్మాయి ఇదంతా విడమరిచి చెప్పింది. ఫోన్ల షాపువాడు వేసిచ్చాడు, అది నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ సరే అన్నానని మేడావిడ ఒప్పుకుంది. వెంటనే ఆ రాత చెరిపేసింది.

"మీ ఫోనులో పోయింది పిన్నిగారూ. యాప్ వాళ్ళ దగ్గర అలాగే ఉంది. తీసెయ్యమని అడుగుతాను, ఒకటి రెండు రోజులు పడుతుంది."

"వాడి ఊరినుంచి ఇక్కడికి బస్సు ఆరు గంటలు," అంది కుట్టు అమ్మాయి, ఎవరితోనూ కాకుండా.

అరగంటలో దిగిపోయింది. కత్తిరించిన గుడ్డలు ఎవరివి వాళ్ళకి మూట కట్టి, మిషను అక్కడే వదిలేసి, ముందు బడికెళ్ళి పాపని తీసుకుంటానంది. కొత్త నంబరు తీసుకున్నాక చెబుతావు కదూ అని మేడావిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది.

"చెప్పను పిన్నిగారూ."

"నా మీద కోపమా తల్లీ?"

"కోపం కాదు. మీ దగ్గర ఏదీ దాగదు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

రెండున్నరకి వాడొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పిల్లలాడుకునే బొమ్మ. ఇక్కడెవరూ లేరని మేడావిడ గుమ్మానికి అడ్డంగా నిలబడితే, వాడు ఫోను తీసి ఆవిడ రాసిందంతా ఆవిడకే చదివి వినిపించాడు, పెళ్ళి శుభలేఖ చదివినంత నెమ్మదిగా.

"ఎవరు రాశారో గానీ దణ్ణం పెట్టాలమ్మా. ఏడాదిగా తిరుగుతున్నాను."

పైకెళ్ళాడు. మిషను కింద పడ్డ చప్పుడైంది. దిగివచ్చి, కిటికీలో ఉన్న మేడావిడ ఫోను తీసుకున్నాడు. దానికి తాళం లేదు. పెడితే నాకే తెరుచుకోదని ఆవిడ పెట్టుకోలేదు. వేలితో ఒక్కొక్కటే పైకి తోస్తూ చదివాడు. "నర్సమ్మ, రాత్రి డ్యూటీ, పగలు నిద్ర," అని నవ్వాడు. "ఊళ్ళోవాళ్ళ గుట్టంతా ఇక్కడే పోగేశారే." కావలసింది దొరకలేదు. ఫోను తీసినచోటే పెట్టాడు.

"ఎప్పుడో ఒకప్పుడు మీకు ఫోన్ చెయ్యకుండా ఉండదు. మీరు రాసుకోకుండా ఉండరు. నాకేం తొందర లేదు."

ఆ సాయంత్రం మేడావిడ నర్సమ్మ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పి తిట్లు తింది. తర్వాత పాలాయన, తర్వాత ప్లంబరు. ఫోటోస్టాట్ అమ్మాయి యాప్ తీసేసింది, తాళం పెట్టింది. వాడు మాత్రం నెలకోసారి వచ్చి ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడుతున్నాడు. మేడావిడ కిటికీ వైపే చూస్తాడు. గది ఖాళీగానే ఉంది.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నంబరు. మేడావిడ చెయ్యి ముందుకు వెళ్ళి ఆగింది. ఎత్తితే ఎక్కడున్నావని అడక్కుండా ఉండడం తన వల్ల కాదు. తెలిస్తే దాచుకోవడం చేతకాదు. పాప ఎలా ఉందో ఒక్కమాట వింటే చాలు. కానీ తన సంగతి తనకి తెలుసు. ఫోను మోగి మోగి ఆగింది, మళ్ళీ ఒకసారి మోగింది, ఆగిపోయింది.

అంకెలు కంటబడకుండా తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ నంబరు చెరిపేసింది.