ఒత్తిడి లేని నలుగురు

సింగపూర్‌లోని పాసిర్ రిస్ స్టేషన్‌లో కీర్తిక రైలు దిగింది. ఆదివారం మధ్యాహ్నం కదా, జనమంతా పిల్లల్ని వెంటేసుకుని బీచ్‌కి పోతున్నారు. ఆమె మాత్రం పరంధామయ్య అంకుల్ ఫ్లాట్‌కి వెళ్తోంది, తమ్ముణ్ణి కాపాడుకోవడానికి.

పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసినవాడు భరద్వాజ్, కాకినాడ వైపు ఒక ఎమ్మెల్యేకి కుడిభుజం.

"మేడమ్, ఇయ్యాల మీ వేదిక మా సార్‌కి సపోర్ట్ ఇస్తందంట కదండీ, చాలా సంతోషం. సార్ మీద మీ తమ్ముడు లోహిత్ ఇక్కడ వీడియో చేశాడు కదా, కేసు రాయించి పక్కన పెట్టించామండి. మీ ప్రకటన వచ్చిందా, అది అక్కడే పడుంటది. రాలేదా, సాయంత్రానికి కుర్రాణ్ణి తీసుకుపోతారు. చదువుకున్నోరు, మీకు చెప్పేదేముందండి."

ఎంత మర్యాదో! ఆ మర్యాదకే ఆమెకు భయమేసింది.

వేదిక అంటే పెద్ద పార్టీ ఏమీ కాదు, సింగపూర్‌లో ఉంటున్న నలుగురు తెలుగువాళ్ళు. మనిషి జేబు జోలికీ నోటి జోలికీ ప్రభుత్వం రాకూడదని వాళ్ళ సిద్ధాంతం. ఆంధ్రలో ఎన్నికలొస్తే ఆ సిద్ధాంతానికి నిలబడే అభ్యర్థికి మద్దతు ప్రకటిస్తారు. ఇన్నేళ్ళలో ఇద్దరికే ఇచ్చారు. అంత పిసినారులు కాబట్టే వాళ్ళ మాటంటే ఆన్‌లైన్‌లో కుర్రకారుకి గురి. ఈ ఎమ్మెల్యే పన్నులు తగ్గిస్తానన్నాడు, లైసెన్సులు ఎత్తేస్తానన్నాడు, పోస్టు పెట్టినవాణ్ణి జైల్లో వేసే చట్టానికి మాత్రం అసెంబ్లీలో చెయ్యెత్తాడు. అలాంటివాళ్ళకు మద్దతు ఇవ్వకూడదని వేదిక పెట్టిన రోజునే రాసుకున్నారు. రాసింది పరంధామయ్యే. వారం కిందటి దాకా వద్దంటే వద్దన్న ఆయనా, మిగిలిన ఇద్దరూ ఒక్కసారిగా మెత్తబడిపోయారు. అన్నిట్లోనూ పర్‌ఫెక్ట్‌గా ఉండేవాడు ఎక్కడ దొరుకుతాడని గ్రూప్‌లో రాశారు.

వేదిక నియమాలు రెండే. ఒక్కరు వద్దన్నా మద్దతు లేదు. ఓటు వేసేముందు, తన మీద ఎవరి ఒత్తిడీ లేదని ప్రతివాళ్ళూ చెప్పాలి. ఒత్తిడి ఉన్నవాళ్ళ ఓటు లెక్కలోకి రాదు, మిగిలినవాళ్ళు తేలుస్తారు.

ఆ రెండో నియమంలోనే కీర్తికకు దారి కనిపించింది. ఆ ఎమ్మెల్యేకి సరేనని చెప్పడానికి ఆమెకు నోరు రాదు. వద్దంటే తమ్ముడు పోతాడు. ఒత్తిడి ఉందని చెప్పి తప్పుకుంటే? ముగ్గురూ కలిసి తీర్మానం చేస్తారు, లోహిత్ బతికిపోతాడు, తన చేతికి మట్టి అంటదు. దొంగ తెలివే. తప్పుపట్టేవాళ్ళు ఆ ఫోన్ ఒక్కసారి ఎత్తి చూసి మాట్లాడాలి.

ఫ్లాట్‌లో నలుగురూ కూర్చోగానే, ఒత్తిడి ఏమైనా ఉందా అని, అందరిలోకీ చిన్నదని ఆమెనే ముందు అడిగారు.

"నా మీద ప్రెషర్ ఉందంకుల్," అంది. "నా ఓటు తీసెయ్యండి."

పరంధామయ్య భార్య తారాదేవి ఆంటీ టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఉన్నట్టుండి యీషున్ ప్రాంతం నుంచి వచ్చిన రీసెర్చర్ చాందిని భోరుమంది.

"నాక్కూడా ఉంది కీర్తికా. ఊళ్ళో డాడీ వర్క్‌షాప్‌కి సీలేస్తామన్నారు. ఎవరితో చెప్పాలో తెలీక చచ్చిపోతున్నా."

బ్యాంకులో పనిచేసే సుధాకరరావు గొంతు సవరించుకున్నాడు. "నాక్కూడా కాల్ వచ్చిందమ్మా. మా అమ్మాయి హాస్టల్ రూమ్ నంబర్‌తో సహా చెప్పాడు."

ఇక మిగిలింది ఒక్క ఓటు. కీర్తిక చటుక్కున వెళ్ళి పరంధామయ్య చెయ్యి పట్టుకుంది.

"అంకుల్, మీరు చెప్పకండి. మీ మీద ఏమీ లేదనండి చాలు. ప్లీజ్ అంకుల్, లోహిత్‌ని తీసుకుపోతారు!"

నియమాలు రాసిన మనిషిని అబద్ధమాడమని బతిమాలుతున్నానని ఆమెకు తెలుసు. సిగ్గు కూడా వేయలేదు, అంత భయం.

ఆయన కళ్ళజోడు తీశాడు. "మా అన్నయ్య ఇంటి మీదికి మనుషుల్ని పంపేరమ్మా. వారం నుంచీ అన్నం సయించట్లేదు. నువ్వు చెప్పేసేక ఇంక నావల్ల కాదు."

ఆయన మొహం తేలికపడింది. చాందిని కళ్ళు తుడుచుకుంది, సుధాకరరావు నవ్వాడు కూడా. లెక్కలోకి వచ్చే ఓటు ఒక్కటీ లేదు, కాబట్టి మద్దతూ లేదు. వేదిక మాట తప్పలేదు. ఆ సంతోషం చూసి కీర్తికకు వాళ్ళందరి మీదా కోపం ముంచుకొచ్చింది. బాల్కనీలోకి పరిగెత్తి తమ్ముడికి ఫోన్ చేసింది.

"అక్కా, వాడికి ఇవ్వలేదు కదా?" అన్నాడు లోహిత్, ఎత్తుతూనే.

"ఇవ్వలేదురా."

"నాకు తెల్సే! అందరూ తలూపినా నువ్వు ఒప్పుకోవని మావాళ్ళతో పందెం కాశాను."

కింద రోడ్డు మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ పోతున్నారు.

"చొక్కా వేసుకుని ఇప్పుడే బయటికి పోరా," అంది చివరికి. "ఎక్కడికో నాకు కూడా చెప్పకు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి అడిగితే చెప్పేస్తానేమో."