వాలుగది

కొత్త కోడలు ముందు మొగుడి మీద మనసు పారేసుకుంది, పెళ్లయి నెల తిరక్కుండానే ఈ గది మీద కూడా పారేసుకుంది.

మూతపడ్డ బడిని యజమాని వాటాలు వేసి అద్దెకిచ్చాడు. వీళ్లకు దక్కింది మూడో తరగతి. గోడకు నల్లబల్ల, దాని మీద మొగుడు పొద్దున్నే సుద్దముక్కతో వేసే ఆమె బొమ్మ. ముక్కు ఏ రోజూ కుదరదు. గదికి లోపమల్లా ఒక్కటే. వెనక గోడ నుంచి గుమ్మం దాకా నేల వాలు. ఉల్లిపాయ చేయి జారితే వీధిలో వెతుక్కోవాలి.

ఆ రోజు అత్తగారు మొదటిసారి వస్తున్నారు. గది తనకు నచ్చకపోతే కాపురం తమ మేడ మీదికి మార్చాలన్నది ఆవిడ షరతు. కొడుకు ఆలోచించకుండా తలూపాడు. అందుకే పొద్దుటి నుంచి ఇద్దరూ మంచం కాళ్ల కింద, బల్ల కాళ్ల కింద చెక్కముక్కలు దోపి, నేలంతా మందపాటి తివాచీ పరిచారు.

"నువ్వు మాత్రం నిటారుగా నడువు. ఒరిగావంటే దొరికిపోతాం," అన్నాడు మొగుడు.

"మీరు నోరు మూసుకుంటే చాలు."

అత్తగారు వచ్చి, కూర్చోకుండా తిన్నగా వెనక గోడ దగ్గరికెళ్లారు. సంచిలోంచి నిమ్మకాయ తీసి కింద పెట్టారు. అది కదల్లేదు.

"ఈ తివాచీ ఏంట్రా?"

"చలికమ్మా."

"ఈ ఎండల్లోనా? తియ్యి."

తీశాడు. నిమ్మకాయ గుమ్మం దాటి చక్కా పోయింది. కోడలి గుండె దాని వెనకే పోయింది.

"వాలు కొంచెమే అత్తయ్యా..."

"కొంచెమేంటే పిచ్చిపిల్లా. బడి కాకముందు ఇక్కడ బట్టలకు రంగులు వేసేవాళ్లు. నీళ్లు నిలవకూడదని ఇలా కట్టారు. మా టీచరు చెప్పేది."

"మీ టీచరా?"

"నేను మూడు చదివింది ఇక్కడే. రెండేళ్లు."

కొడుకు నోరు తెరిచాడు. "ఎప్పుడూ చెప్పలేదే."

"తప్పానని ఊరంతా చాటుకోనా? తప్పబట్టే మీ నాన్న తరగతిలో పడ్డాను. ఆయన వెనక నుంచి ముందు వరస స్నేహితుడికి గోళీలు దొర్లించేవాడు. మధ్యలో నా కాలుండేది."

"తిరిగి ఇచ్చేవారా అత్తయ్యా?"

"పెళ్లయ్యాక ఇచ్చాను. సగం."

కోడలు పగలబడి నవ్వింది. అంతలో మేడ షరతు గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగింది. అత్తగారి వైపు తిరిగింది. ఆవిడే ఫోను తీసి మామగారితో అన్నారు, "ఏవండీ, మేడ మీది గది ఎవరికైనా అద్దెకిచ్చెయ్యండి. వీళ్లు రారు."

ఫోను పెట్టేసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఇంకో నిమ్మకాయ కోడలి చేతిలో పెట్టారు.

"గోడ దగ్గర్నుంచి వదులు. కాలు నేను పెడతా."