ఖాళీ కాగితం కింద దుమ్ము

రోజూ పొద్దున తొమ్మిదింటికి వర్ణపటం మేడం తన గది తాళం తీసేది, కిటికీ తెరిచేది, ముందురోజు అచ్చుతీసిన కొలతల కాగితాలు బల్ల మీద దులిపేది. వాటిలోంచి గెలాక్సీల దుమ్ము రాలేది, పొయ్యిలోంచి అప్పుడే తీసిన బూడిదలా గోరువెచ్చగా. ఊడ్చే పెద్దాయన దాన్ని చేటలోకెత్తి మెట్లకింద డబ్బాలో పోసేవాడు. ఆ ఆఫీసులో ఇదేమంత విశేషం కాదు. పక్కగదివాళ్లు తుమ్ములొస్తున్నాయని తలుపేసుకునేవాళ్లు, అంతే.

మేడం పనేమిటంటారా, చెబుతాను వినండి. కొన్ని గెలాక్సీలు లక్ష కోట్ల సూర్యుళ్లంత వెలుగుతాయి. కానీ ఆ వెలుగంతా దుమ్ములో కూరుకుపోయి, పరారుణమనే వేడివెలుగై బయటికొస్తుంది. మన కంటికి ఆనదు. దాన్ని చిక్కుపడ్డ జుట్టులా పాయలు పాయలుగా విడదీస్తే లోపల పొయ్యి ఏదో తెలుస్తుంది. గుంపుగా నక్షత్రాలు పుడుతున్నాయా, లేక ఒంటరి కృష్ణబిలం నడిమధ్య కూర్చుని అందిందల్లా మింగుతోందా? ఆ పాయల్ని కాగితం మీద గీస్తే వచ్చే గీతే వర్ణపటం, మేడానికి ఆ పేరు అందుకే. నక్షత్రాలు పుట్టేచోట ఆ గీతలో మూపురం లేస్తుంది.

మేడం మూడేళ్లుగా వెంటపడ్డ గెలాక్సీకి మూపురం లేదు. "లోపల ఉన్నది ఒంటరి కృష్ణబిలమే" అని తేల్చి రాసేసింది. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి, టెలిస్కోపు ఎవరికివ్వాలో తేల్చే పెద్దల ముందు చదవాలి. తప్పని తేలితే ఇక ఆమెకు టెలిస్కోపు దక్కదు. నిజం చెప్పొద్దూ, ఒంటరి అనే మాట ఆమె చేతికి అలవాటైన మాట. ఒక కుర్చీ, ఒక కప్పు, ఒక ఫ్లాస్కు మనిషి. గదిలోని రెండో కుర్చీలో ఏళ్లతరబడి ఫైళ్లే కూర్చున్నాయి.

ఆ పొద్దున పెద్దాయన చీపురు ఆపాడు.

"తల్లీ, ఇవాళ నడుం వంగట్లేదు. ఈ రెండో కాగితం దుమ్ము కూడా ఎత్తెయ్యాలా?"

"దానికి దుమ్మెక్కడిది పెద్దయ్యా? అది గెలాక్సీ పక్కనున్న ఖాళీ ఆకాశం కొలత. ఆకాశం సొంత వేడి పోవాలని, గెలాక్సీ కొలతలోంచి దాన్ని తీసేస్తాం."

"ఖాళీదైతే నాకు రోజూ రెండు కుప్పలెందుకమ్మా? నడుం వంచేది నేను కదా."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"నువ్వు అడిగితేగా. 'చాలు', 'వెళ్లు' తప్ప మూడోమాట విన్న పాపాన పోలేదు."

మేడం రెండో కుప్పలో చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. ఖాళీ అనుకున్నచోట మసకమసకగా ఇంకో గెలాక్సీ ఉందన్నమాట. ఆకాశమనుకుని తీసేస్తున్నది దాన్నే. దాని మూపురాన్ని తీసేస్తుంటే దీని మూపురమూ చెరిగిపోయింది.

గబగబా అవతలి వైపునున్న ఆకాశం తీసుకుని లెక్క మళ్లీ కట్టింది. మూపురం ఎద్దు మూపురంలా లేచి నిలబడింది. రెండు గెలాక్సీలూ ఒకదాన్నొకటి చుట్టుకుంటున్నాయి. ఆ ఒరిపిడికే నక్షత్రాలు పుడుతున్నాయి. రాసిందంతా కొట్టేసి మళ్లీ రాసింది.

నాలుగింటికి తిరిగొచ్చింది. టెలిస్కోపు ఇంకో రెండేళ్లు ఆమెదే. ఆ సంగతి చెప్పుకోడానికి ఒక్క మనిషైనా తట్టలేదు. గుమ్మంలో పెద్దాయన డబ్బా మోసుకుపోతున్నాడు.

"పెద్దయ్యా, టీ తాగుతావా?"

"నీ దగ్గరున్నది ఒకటే కప్పుగా."

"ఫ్లాస్కు మూత ఉంది. రా, కూర్చో."

రెండో కుర్చీలోంచి ఫైళ్లు తీసి కింద పెట్టింది. ఇన్నేళ్లూ మనిషన్నవాడు కూర్చోని ఆ కుర్చీలో సన్నగా దుమ్ము పేరుకుని ఉంది. తుడవబోయి చెయ్యి ఆపింది.

గోరువెచ్చగా ఉంది.