ఉమ్మడి గోడ, ఆరు శనివారాలు

మా వీధి చివర ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడది సంగీత శాల. ఎక్కడెక్కడి దేశాల వాయిద్యగాళ్లో వచ్చి అక్కడ కచేరీలు చేస్తారు. నేను అందులో తాత్కాలిక ఉద్యోగిని. కుర్చీలు వేయించడం నుంచి ఉత్తరాలు రాయడం దాకా అన్నీ నా పనులే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఉత్తరాలు రాసే పని నాకు చాలా గొప్పగా ఉండేది. నాకు ముందు మా వాళ్లు ఏ దరఖాస్తయినా ఎవరిచేతనో రాయించుకున్నవాళ్లే.

ఏటా వేసవిలో ఆరు శనివారాలు శాల పెరట్లో కచేరీలు జరుగుతాయి. పెరట్లో అంటే చప్పుడు వీధంతా వినిపిస్తుంది. అందుకని చుట్టుపక్కల ఇరవై ఆరు ఇళ్లవాళ్లూ మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. ఆ కాగితం శుక్రవారం సాయంత్రం ఐదులోపు వార్డు ఆఫీసులో అందాలి. ఒక్క సంతకం తగ్గినా అనుమతి రాదు.

మేనేజర్ గారు ఈ సంగతి నాకు నిదానంగా చెప్పారు. "కచేరీలు జరిగితే నీ ఉద్యోగం పర్మనెంటు. జరక్కపోతే మనిద్దరం ఖాళీ కుర్చీలు తుడుచుకుంటూ కూర్చోవాలి. కొన్నాళ్లకి నేనొక్కణ్ణే తుడుచుకోవాలి."

బీరువాలోని పాత ఫైళ్లలో ఒక నమూనా దొరికింది. దాన్ని చూసి నాలుగు పేజీల అంగీకార పత్రం తయారు చేశాను. 'ఇందుమూలముగా', 'పైన ఉదహరించిన' లాంటి మాటలు అందులో ఒక్కటి కూడా వదల్లేదు. సోమవారం పొద్దున బయల్దేరి మంగళవారం మధ్యాహ్నానికి ఇరవై ఐదు సంతకాలు పట్టుకొచ్చాను. రిటైరైన హెడ్మాస్టారు గారైతే నిలబడే సంతకం పెట్టి, కింద రెండు గీతలు కూడా గీశారు.

మిగిలింది మా మేనత్త.

అత్తది ఇస్త్రీ దుకాణం. శాల పెరటి గోడే ఆమె దుకాణానికి వెనక గోడ. అందరికన్నా దగ్గరగా ఉన్నది ఆమే గనక ఆ సంతకం లేనిదే పని జరగదు. సొంత మనిషే కదా అని ఆఖరికి పెట్టుకున్నాను.

"అక్కడ పెట్టి వెళ్లు. చదివి చెప్తా" అంది అత్త.

"నాలుగు పేజీలత్తా! నేనే రాశాను. ఏముందో నాకు తెలుసుగా."

"నీకు తెలుసు. నాకు తెలీదు."

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అత్తకు చదవడం నేర్పింది నేనే. చాలా ఏళ్ల క్రితం ఎవరో ఏదో కాగితం మీద ఆమెచేత వేలిముద్ర వేయించుకుపోయారు. వారం తిరక్కుండా ఆమె వంటింటి గడప ముందు నుంచి మురుగుకాలవ తవ్వారు. అప్పటినుంచీ కాగితం చూస్తే ఆమె చేతులు వెనక్కి పెట్టుకునేది. నేను డిగ్రీలో ఉండగా బట్టల మూటలకు ఇళ్ల నంబర్లు రాసి కట్టే గుడ్డపీలికల మీదే అక్షరాలు దిద్దించాను. అక్షరాలయ్యాక మొదటి వాక్యంగా 'చదవకుండా సంతకం పెట్టను' అని పదిసార్లు రాయించాను. ఆ పీలిక ఇప్పటికీ దుకాణంలో మేకుకు వేలాడుతోంది.

అత్త బొగ్గుల పెట్టె వేడెక్కే లోపల ఒక పేరా చదువుతుంది. పెట్టె వేడెక్కగానే కాగితం పక్కన పెట్టి చొక్కాలు అందుకుంటుంది. బుధవారానికి రెండో పేజీ మధ్యలో ఉంది.

"ఇంతకీ ఆ ఆరు శనివారాలూ ఏం వాయిస్తారే?"

"మొదటి వారం పన్నెండుమంది ఒకే డోలు చుట్టూ నిలబడి వాయిస్తారు."

"ఒక డోలుకి పన్నెండుమందా? పనీపాటా లేదా వాళ్లకి?"

"రెండో వారం తోలుతిత్తిలోకి గాలి ఊది వాయించేవాళ్లు. రెండు గంటలు ఆపకుండా ఊదుతారట."

"అలాంటివాణ్ణి ఒకణ్ణి నా బొగ్గుల దగ్గర కూర్చోబెట్టకూడదూ?"

"మూడో వారం వచ్చే ఆవిడ ఒకే గొంతుతో ఒకేసారి రెండు స్వరాలు పాడుతుంది."

"అదేం గొప్ప. మీ మామయ్య నాతో ఒకటి, వాళ్లమ్మతో ఒకటి చెప్పేవాడు, ఒకే నోటితో."

గురువారం గడిచింది. నేను గంటకోసారి వెళ్లి పేజీ నంబరు చూసి వస్తున్నాను. మేనేజర్ గారు నన్ను చూడడం మానేసి గోడ గడియారాన్ని చూస్తున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు అత్త పిలిచింది. మూడో పేజీ మీద ఆమె వేలు ఉంది.

"ఇది చదువు. పైకి చదువు."

చదివాను. "'పైన ఉదహరించిన ఆరు తేదీలలోనూ యంత్రముల సహాయముతో ఉమ్మడి గోడను పూర్తిగా పడగొట్టుటకు మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.'"

అత్త గోడకేసి చూసింది. ఆ గోడకే ఆమె ఇస్త్రీ బల్ల ఆనించి ఉంది.

"ఒకసారి పడగొట్టిన గోడని మిగతా ఐదు శనివారాలూ ఎలా పడగొడతారే?"

కాగితం లాక్కుని పేజీలన్నీ తిరగేశాను. ఆ నమూనా కచేరీలది కాదు. శాల వెనక మరుగుదొడ్లు కట్టాలనుకుని మానుకున్న ఏడాదిది. మొదటి పేజీ మార్చాను, తేదీ అన్న మాట కనిపించిన చోటల్లా ఆరు తేదీలని దిద్దాను. మూడో పేజీ చదివానో లేదో నిజంగా గుర్తులేదు. గంభీరంగా ఉందనుకోవడం మాత్రం గుర్తుంది.

శాలకు పరుగెత్తాను. మేనేజర్ గారు మూడో పేజీ చదివి, చివర తన సంతకం చూసుకుని, కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"ఇరవై ఐదుమంది చూడనిది వార్డు ఆఫీసులో మాత్రం ఎవరు చూస్తారు? మీ అత్తచేత పెట్టించెయ్యి."

ఆ మాట నాకు ఒక్క నిమిషం బాగానే అనిపించింది. ఆ నిమిషం గురించి అత్తకు ఇప్పటికీ చెప్పలేదు. కానీ మేకుకు వేలాడే ఆ పీలిక మీద దిద్దించిన అక్షరాలు నావి. ఆ దుకాణంలోకి ఈ కాగితంతో మళ్లీ ఎలా వెళ్లను? బల్ల దగ్గర కూర్చుని కొత్తది రాశాను. నాలుగే వాక్యాలు. ఎన్ని శనివారాలు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు, మాకు అభ్యంతరం లేదు.

అత్త ఒక్క చొక్కా మడతపెట్టేంతలో అది చదివేసింది. "ఇదేదో సోమవారమే రాసి ఉంటే?"

"డిగ్రీ చదివాను కదత్తా" అన్నాను ఏడుపు గొంతుతో. "ఇప్పుడు ఒంటిగంట. అన్ని సంతకాలూ మళ్లీ కావాలి. ఇళ్లల్లో ఎవరున్నారో, తలుపు తీస్తారో లేదో..."

అత్త దుకాణంలో వరసగా పేర్చిన మూటలకేసి చూసింది. ఇచ్చేరోజు శుక్రవారమే. వీధి వీధంతా వారం బట్టలు ఆ మూటల్లో ఉన్నాయి.

"తీస్తారు. ఆ బండి ఇటు తొయ్యి."

మొదట హెడ్మాస్టారు గారి ఇల్లు. ఆయన బనీను మీద తువ్వాలు కప్పుకుని గుమ్మంలోకి వచ్చారు. నాలుగింటికి ఆయనకు ఎక్కడో సన్మానం. తెల్లచొక్కా మా బండిలో ఉంది.

"ముందు ఇది చదివి సంతకం పెట్టండి మాస్టారూ. పైకి చదవాలి."

"మొన్ననే పెట్టానమ్మా!"

"అది గోడ పడగొట్టడానికి పెట్టారు. చదవలేదా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అంటే, పైపైన చూశాను."

"మీ చొక్కా కూడా పైపైన ఇస్త్రీ చేసిమ్మంటారా?"

మాస్టారు చదివారు. తరగతిలో లేచి నిలబడ్డ పిల్లవాడిలా, కామాల దగ్గర ఆగుతూ చదివారు. ఈసారి సంతకం కింద గీతలు గీయలేదు.

పళ్ల డాక్టరమ్మ ఒకాయన నోరు తెరిపించి పనిలో ఉంది. తెల్లకోటు మూటలో ఉందని తెలిసి, ఎడమచేత్తో కాగితం పట్టుకుని చదివింది. నోరు తెరుచుకున్నాయన ప్రతి వాక్యానికీ తలాడించబోతే "కదలకండి" అని కసిరింది. ఆయనది పక్కవీధి అని తెలిసి, సంతకం పెడతానని సైగలు చేస్తున్నా వద్దన్నాం.

మేనేజర్ గారి ప్యాంట్లు మూడు. ఆయనచేత అత్త రెండుసార్లు చదివించింది.

వార్డు ఆఫీసుకు చేరేసరికి ఐదుకు పది నిమిషాలు. గుమస్తా కాగితం అందుకుని స్టాంపు ఎత్తాడు. అత్త కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"చదవండి సార్."

"రోజుకి వంద కాగితాలు చూస్తానమ్మా నేను."

"చూడమన్లేదు. చదవమన్నా."

గుమస్తా ఆమె చేతికేసి, ఆ చెయ్యి మీది కాలిన మచ్చలకేసి చూసి, చదివాడు. తర్వాత సంతకాలు లెక్కపెట్టాడు. "ఇరవై ఐదే ఉన్నాయి. ఒకటి తక్కువ."

అందరిచేతా పెట్టించే హడావుడిలో అత్త తనది పెట్టలేదు. పెన్ను ఇచ్చాను. ఆమె పెన్ను చెవి వెనక పెట్టుకుని, కాగితం తన వైపు తిప్పుకుంది.

"అత్తా, చదివేశావుగా!"

"ఇన్ని చేతులు మారింది. మధ్యలో ఎవరైనా ఏమైనా కలిపుంటే?"

వేలు పెట్టి, మాటకు మాట కూడబలుక్కుంటూ నాలుగు వాక్యాలూ చదివింది. గుమస్తా, నేను, వెనక వరసలో నిలబడ్డ ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నాం. ఐదుకు రెండు నిమిషాలుండగా సంతకం పెట్టింది. చివరి అక్షరానికి తలకట్టు మర్చిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి పెట్టింది.

మొదటి శనివారం పెరడు నిండిపోయింది. వీధివాళ్లంతా ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. మేనేజర్ గారు నా పర్మనెంటు ఉత్తరం కవర్లో పెట్టి ఇచ్చారు. అక్కడే నిలబడి మూడుసార్లు చదివి, అప్పుడు సంతకం పెట్టాను.

పన్నెండుమందీ ఒక్కసారి డోలు మీద దెబ్బవేశారు. నా కుర్చీ కింద నేల అదిరింది. ముందు వరసలో అత్త కుర్చీ ఖాళీగా కనిపించి కంగారుపడ్డాను. వెతికితే, పెరటి చివర ఉమ్మడి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. డోలు రెండోసారి మోగింది, మూడోసారి మోగింది. ఆమె చెయ్యి తీయలేదు.

నేను దగ్గరికి వెళ్లేసరికి చెయ్యి దులుపుకుంది.

"నిలబడే ఉందే. ఇంకాస్త గట్టిగా వాయించమను."