ఖాళీగా తెరుచుకున్న పాటల పెట్టె

పాటలు పోయిన రోజు ఆదివారం. గరివిడిలో తమ చర్చి పక్క గదిలో లీలారాణి కంప్యూటర్ ఆన్ చేసి, కాలం చేసిన భర్త డేవిడ్‌రాజు తయారుచేసిన పాటల ప్రోగ్రామును నొక్కింది. అది చక్కగా తెరుచుకుంది. లోపల ఒక్క పాటా లేదు.

నాట్ల బాణీల్లో ముసలమ్మలు పాడుకునే కీర్తనలవి. డేవిడ్‌రాజు ఊరూరా తిరిగి రికార్డు చేసి అందులో దాచాడు. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఆయన జ్ఞాపకార్థ కూడికలో అవి వినిపించాలని ఆమె పట్టుదల.

ఆ గది రెండో తాళంచెవి మరిది రాబర్ట్ దగ్గరుంది. అతనికి కీబోర్డు పాటలంటేనే మోజు. ఈ నాట్ల పాటలు ఎవడిక్కావాలని అన్నతో వాదించేవాడు.

లీలారాణి గుర్తున్న కీర్తనలు రెండు ఆ ప్రోగ్రాములోనే టైపు చేసి, కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్లింది. మర్నాడు అవీ లేవు. ఇక ఉండబట్టలేక, క్వయర్ అంతా చూస్తుండగానే రాబర్ట్‌ను అడిగేసింది.

“తుడిసేసేవు. కడుపు నిండిందా?”

“నానేటి సేసేను వదినా? దాన్ని ముట్టుకోనేదు!”

“మీ అన్న లేడు కదా. ఇంక నీ ఇష్టం.”

రాబర్ట్ తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత చర్చికే రాలేదు.

విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆమె బడి పాత విద్యార్థి నవీన్ సెలవుకు వస్తే, ఆమె పిలిచి చూపించింది. అతను ప్రోగ్రాముకు ఒక మాట జోడించి మళ్లీ నడిపాడు. ప్రోగ్రాము తను చేసిన ప్రతి పనికీ చెప్పే కారణాలు తెర నిండా వరుసలుగా దిగాయి. ఇది దొరికింది కనక ఇలా చేశాను, అది దొరకలేదు కనక వదిలేశాను అని.

“ఎవులూ తుడవనేదు మేడమ్. సార్ దీన్ని నొక్కి తెరిసీవోరు కాదు. పాటలెక్కడున్నాయో, పాస్‌వర్డేటో ఒక లైను రాసి తెరిసీవోరు. అది మనం సెప్పనేదు. పక్కన పాటలు దాసుకోడానికి పనికొచ్చే చిన్న డేటాబేస్ సరుకు కనబడ్డాది, దాంతో ఈ ప్రోగ్రామే ఓ ఖాళీ కొట్టు పెట్టీసింది. కట్టీగానే అదీ పోతాది.”

తెరిచే ముందు డేవిడ్‌రాజు ఏదో టైపు చేయడం ఆమె రోజూ చూసిందే. అలవాటనుకుంది.

“మరి నోరు మూసుకోడమేటిరా? బళ్లో మాస్టారు రాకపోతే బదులొచ్చినోడు, నేను కొత్తోణ్నని సెప్పడా?”

“ఇదీ సెప్తాది మేడమ్. అడిగితేనే.”

ఆమెకు ఒళ్లు మండింది. తప్పు చేసిన పిల్లవాడైనా తల దించుకుంటాడు. ఇది అంతా బాగున్నట్టే తెరుచుకుని, ఆమె చేత అనరాని మాట అనిపించింది.

“పాటలు ఇందులోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ సార్‌కి కాక ఇంకెవులికన్నా తెలుసా?” అన్నాడు నవీన్.

పాటలు నచ్చకపోయినా, ఈ ప్రోగ్రాము కుదిరేదాకా అన్న పక్కన కూర్చున్నది రాబర్టే. తెలిస్తే అతనికే తెలియాలి.

కూడిక వచ్చే ఆదివారం. రాబర్ట్‌కు ఆమె ఇంకా ఫోన్ చేయలేదు.