బెంచీ మీది కోదండరామయ్యలు

తిరువూరు బస్టాండు పక్క సందులో గ్లోరి డీటీపీ షాపు పొద్దున్నే తెరుచుకుంటుంది. పెళ్లికార్డులు, రెంటు అగ్రిమెంట్లు, ఫ్లెక్సీలు, ఏదొచ్చినా కాదనదు. ఆమె కంప్యూటరుకి ఒక అలవాటుంది. ఎవరైనా ఒక మాట తీసేయిస్తే పాత కాపీని తనంతట తనే దాచిపెడుతుంది. ఆ మాట చెప్పినప్పటి మనిషిని కూడా దాస్తుంది, షాపు ముందున్న బెంచీ మీద. ముహూర్తాల రోజుల్లో కార్డు మీద పేర్లు తీసేయించే మేనమామలతో బెంచీ నిండిపోతుంది. టీకొట్టు యోసేపు వాళ్లకీ టీ పోస్తాడు.

కారంమిల్లు కోదండరామయ్య పుట్టినరోజుకి తన జీవితచరిత్ర అచ్చు వేయించుకోవాలనుకున్నాడు. ఊరికి ఆ లోటొకటి ఉండిపోయింది మరి. మొదటిరోజు ఏ గాలి సోకిందో గాని నిజం చెప్పేశాడు. కారం ఘాటుకి తుమ్ములొచ్చి తను పారిపోతే, మిల్లు నిలబెట్టింది భార్య శ్యామలేనన్నాడు. గ్లోరి టైపు చేసింది.

మర్నాటికి సిగ్గేసింది. ఎన్ని అబద్ధాలాడినా సిగ్గుపడని మనిషి, నిజం చెప్పినందుకు సిగ్గుపడ్డాడు. ‘నేనూ శ్యామలా కలిసి’ అని మార్పించాడు. బెంచీ మీదికి ఒక కోదండరామయ్య తుమ్ముకుంటూ వచ్చి కూర్చున్నాడు. తర్వాత అది ‘శ్యామల సహకారంతో నేను’ అయింది. ఇంకొకడు వచ్చి పక్కన సర్దుకున్నాడు. చివరికి ‘నేనొక్కణ్ణే, నా రెక్కల కష్టంతో’ అని రాయించాడు. మూడోవాడూ బెంచీ ఎక్కాడు. అసలు ఆ రెక్కలు ఒక్క బస్తా ఎత్తిన పాపాన పోలేదు. పుస్తకంలో శ్యామలాదేవి పేరు వంటింటి ఫోటో కింద మాత్రం మిగిలింది.

బయటికొస్తూ బెంచీ చూసి మొహం చిట్లించాడు.

“అమ్మాయ్, ఆ పాతవన్నీ డిలీట్ కొట్టెయ్.”

“కొట్టినా పోవండీ షావుకారుగారూ.”

ప్రూఫు ఇంటికెళ్లింది. శ్యామలాదేవి చదివింది. వరండాలో రోకలి పట్టి, కళ్లు మండుతున్నా చేతులు బొబ్బలెక్కినా మిరపకాయలు దంచి మిల్లు దాకా తెచ్చిన మనిషి ఆమె. తనదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది. అదీ పోతే తను ఈ ఊళ్లో బతికిన గుర్తే ఉండదు. ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది.

కారం మరకల చీరతోనే ఆటో ఎక్కి షాపుకొచ్చింది. అచ్చుకి పంపమని గ్లోరిని తొందరపెడుతున్న భర్తని పలకరించకుండా బెంచీ దగ్గరికెళ్లింది. ఒక్కొక్కరినీ ఏం చెప్పారని అడిగింది. తర్వాత వచ్చిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడ పక్కనున్న మొదటివాడు ఆమె చీర ఘాటుకి గట్టిగా తుమ్మి, మిల్లు నీదే శ్యామలా అన్నాడు.

“లేవండి, ఇంటికెళ్దాం,” అంది.

లోపలినుంచి కోదండరామయ్య కంగారుగా వచ్చాడు. “శ్యామలా, ఫైనల్ కాపీ నేనే కదా.”

“ఉండండి. నాకు మొదటిది చాలు.”

గ్లోరి మొదటి కాపీనే వెనక్కి తెచ్చి అచ్చుకి పంపింది. ఇంటికెళ్లినవాడు తుమ్ముతూనే మిల్లులో బస్తాలు కుడుతున్నాడు. పుట్టినరోజు సభలో దండ శ్యామలాదేవి మెడలో పడింది.

ఫైనల్ కాపీ ఇప్పుడు మిగిలిన ఇద్దరి పక్కన బెంచీ మీదే ఉన్నాడు. టీకి వచ్చినవాళ్లు జరగమంటే జరుగుతాడు. నన్నెప్పుడు వెనక్కి తెస్తావని రోజూ గ్లోరిని అడుగుతాడు. ఎవరైనా వచ్చి కావాలంటే తెస్తానండీ అంటుంది ఆమె, మర్యాదగానే. ఇంతవరకు ఎవరూ అడగలేదు.